పోతే పోయిందట... ఎలా పోతుందండీ?

మొన్న లంచ్‌లో ఒక మిత్రుడితో వాదన పడింది. "హేవర్డ్ కొండ మీద జరిగే ఆ గోల్ఫ్ పోటీయేగా, పోతే పోయింది. ఎలాగూ సెకండ్ క్లాస్‌దే కదరా" అన్నాడు. ఒళ్ళు మండింది.

గోల్ఫ్ తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. రంజీ ఆడేవాడికి ఇండియా టీమ్ ఎలాగో, ఈ కింది టూరులో ఆడేవాడికి పీజీఏ టూర్ అలాగ. మన తెలుగువాళ్ళు బోలెడంత మంది ఉండే ఫ్రీమాంట్ పక్కనే, కాలిఫోర్నియా హేవర్డ్‌లో, 2009 నుంచి 2019 దాకా ఆ టూరు పోటీ ఒకటి జరిగేది. మొదట్లో స్టోన్‌బ్రే క్లాసిక్, తర్వాత ఎల్లీ మే క్లాసిక్. ఎల్లీ మే అంటే ఎవరో అమ్మాయి కాదండోయ్, హోమ్ లోన్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ.

సెకండ్ క్లాసా? 2014లో ఇక్కడ గెలిచింది టోనీ ఫీనౌ. 2015లో గెలిచిన కిమ్ సి-వూ రెండేళ్ళు తిరక్కుండానే ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ కొట్టాడు. 2016 జూలై 28న స్టెఫాన్ యేగర్ అనే జర్మన్ కుర్రాడు మొదటి రౌండు 58లో ముగించాడు. అక్కడ పార్ 70! నాలుగు రోజులకి కలిపి 250, అంటే పార్ కంటే 30 తక్కువ. సరిగ్గా పది రోజులకి జిమ్ ఫ్యూరిక్ పీజీఏ టూర్‌లో 58 కొడితే లోకమంతా చరిత్ర, చరిత్ర అంది. యేగర్‌ది మాత్రం "చిన్న టూరులో కదా". బంతికి తెలుసా అది ఏ టూరో?

బాస్కెట్‌బాల్ స్టార్ స్టెఫ్ కర్రీని స్పాన్సర్ పిలిచి ఆడిస్తే ఆట పరువు పోయిందని గోల చేసినవాళ్ళున్నారు. 2017లో 74, 74. 2018లో 71, 86. రెండుసార్లూ కట్ దాటలేదు. నేనూ మొదట విసుక్కున్నాను, తప్పు నాదే. ఆ కొండెక్కి జనం వచ్చింది అతని వల్లే.

పరువు పోయింది వేరే చోట. 2018లో టూరుకి పేరిచ్చిన వెబ్.కామ్‌ని ఒక ప్రైవేట్ ఈక్విటీ కంపెనీ కొంది. 2019లో ఎల్లీ మేని ఇంకొకటి, 370 కోట్ల డాలర్లకి. ఆ జూన్‌లో టూరు పేరు కార్న్ ఫెర్రీ అయింది (ఉద్యోగులని వెతికిపెట్టే కంపెనీ, నవ్వకండి!). ఆగస్టులో జాక్ బ్లెయిర్ గెలిచాడు. 2020 క్యాలెండర్‌లో మన పోటీ లేదు. అదే 2020లో ఎల్లీ మే మళ్ళీ అమ్ముడుపోయింది, 1,100 కోట్లకి. యేగర్ గెలిచిన ఏడు మొత్తం ప్రైజ్ మనీ ఎంతో తెలుసా? 6 లక్షల డాలర్లు.

బాయ్సీ ఓపెన్ చూడండి. 1990లో టూరు పుట్టినప్పటినుంచీ ఉంది. టూరు పేరు ఎన్నిసార్లు మారినా పోటీ పేరులో ఊరు పోలేదు. హేవర్డ్‌ వాళ్ళు తమ ఊరి పేరు ఒక్కనాడైనా పెట్టుకున్నారా?

ఇదంతా విని మా వాడు కాసేపు మాట్లాడలేదు. వాడి కంపెనీని కూడా ఎవరో ప్రైవేట్ ఈక్విటీ వాళ్ళు కొంటున్నారట, శుక్రవారం ఆల్ హ్యాండ్స్ మీటింగ్ ఉందట.