క్షమించాం సరే, బాకీ మాటేమిటి?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 21:18-19, లూకా 10:33-35



మిర్చి కోతల రోజులు వచ్చాయంటే తెల్లవారుజామున నా ప్రార్థన ఒక్కటే. వెళ్ళిన వాళ్ళందరూ సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరాలని. మన ఆడవాళ్ళు ఆటోల్లో, ట్రాక్టరు ట్రక్కుల్లో ఎలా కిక్కిరిసి వెళ్తారో మీకు తెలుసు. 2020 మే నెలలో నాగులుప్పలపాడు మండలంలో మిర్చి కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలంలో కోత నుంచి తిరిగి వస్తున్న ట్రాక్టరు బోల్తా పడి నలుగురు స్త్రీలు చనిపోయారు. చనిపోయిన వాళ్ళ కోసం మనం ఏడ్చాం. ఈ రోజు మాత్రం బ్రతికి వచ్చిన వాళ్ళ గురించి రాస్తున్నాను. తలకు దెబ్బ తగిలి, కుట్లు మానిపోయి, పైకి బాగున్నట్టే కనిపించే వాళ్ళ గురించి.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మన సంఘంలోని ఒక తమ్ముడిని హైవే మీద కారు గుద్దింది. యార్డులో మిర్చి టిక్కీలు మోసే బలమైన మనిషి. పది రోజుల్లో ఆసుపత్రి నుంచి నడిచి వచ్చాడు. అందరం స్తోత్రాలు చెప్పాం. కారు యజమాని తరఫు పెద్దమనుషులు వచ్చి అరవై వేలు ఇస్తాం, కేసు వద్దన్నారు. క్రైస్తవులం గనుక క్షమించాలి అని నేనే చెప్పాను. రాజీ కాగితం మీద సాక్షి సంతకం కూడా నాదే.

మూడు నెలలు తిరిగేసరికి ఆ తమ్ముడు టిక్కీల లెక్క మరిచిపోతున్నాడు. చిన్న మాటకే కంచం విసురుతున్నాడు. పిల్లలు దగ్గరకు రావడానికి భయపడుతున్నారు. దయ్యం పట్టిందన్నారు. నేనూ నమ్మి మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టాను. చివరికి గుంటూరులో ఒక న్యూరో డాక్టరు గారు స్కాను చూసి, కోపాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం దెబ్బతిన్నదని చెప్పారు. నా చేతులు వణికాయి. అతనికి కావలసింది మందు, ఓపిక, తోడు. నేను ఇచ్చింది నింద. పరిహారం అడుగుదామంటే పోలీసు స్టేషనులో కేసే లేదు.

అప్పటి నుంచి నిర్గమకాండము 21వ అధ్యాయము నన్ను వదలలేదు. ఒకడు కొట్టగా ఇంకొకడు మంచాన పడి, తర్వాత లేచి కర్ర పట్టుకొని బయట తిరగగలిగినా సరే, కొట్టినవాడు రెండు బాకీలు తీర్చాలని అక్కడ దేవుడు నియమించాడు. పని చేయలేక పోగొట్టుకున్న కాలానికి సొమ్ము ఒకటి, పూర్తిగా బాగయ్యే వరకు వైద్యం రెండవది. గమనించండి, లేచి నడిచాడు కాబట్టి బాకీ తీరిపోయిందని వాక్యము చెప్పలేదు. మేము మాత్రం ఆ తమ్ముడు నడవగానే లెక్క ముగించేశాము.

మంచి సమరయుని చూడండి. గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, రెండు దేనారములు ఇచ్చి, చేతులు దులుపుకోలేదు. ఇంకా ఎంత ఖర్చయినా తిరిగి వచ్చేటప్పుడు చెల్లిస్తానని మాట ఇచ్చాడు. గాయం ఖర్చు ఒక్క రోజుతో తేలదని అతనికి తెలుసు. తల దెబ్బ విషయంలో ఇది మరీ నిజం. ఫిట్స్, మతిమరుపు, నిద్రలేమి, కోపం, ఇవి నెలల తర్వాత కూడా బయటపడవచ్చు.

"పాస్టరు గారూ, కోర్టుకు వెళ్ళడం విశ్వాసికి తగునా?" అని కొందరు అడుగుతారు. 1 కొరింథీయులకు 6వ అధ్యాయములో పౌలు గద్దించింది సహోదరుడు సహోదరుని మీద వేసే వ్యాజ్యాలను. అదే పౌలు తనకు అన్యాయం జరుగుతున్నప్పుడు చట్టం ఇచ్చిన హక్కును వాడుకొని కైసరుకు చెప్పుకున్నాడు. పైగా బండికి చెల్లుబాటయ్యే ఇన్సూరెన్సు ఉంటే సాధారణంగా పరిహారం కట్టేది ఇన్సూరెన్సు కంపెనీయే. పగ తీర్చుకోవడం వేరు, నష్టం పూడ్చమనడం వేరు. డ్రైవరును మనసారా క్షమించండి, అతని కోసం ప్రార్థించండి. కానీ మంచాన ఉన్నవాడి మందుల డబ్బును, అతని పిల్లల అన్నాన్ని వదిలిపెట్టే అధికారం మనకెవరిచ్చారు? నేను ఆ రోజు క్షమించింది నా బాకీ కాదు, ఆ తమ్ముడి భార్యకు రావలసిన బాకీ.

చట్టం ఏమి ఇవ్వగలదో చూడండి. 2007లో హర్యానాలో 12 ఏళ్ళ పాప అమ్మానాన్నలతో ట్రాక్టరు మీద వెళ్తుండగా లారీ గుద్దింది. మెదడు దెబ్బతిని, పాప బుద్ధి తొమ్మిది నెలల బిడ్డ స్థాయిలో ఆగిపోయింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ పాపకు 62 లక్షల 27 వేల రూపాయలు ఇవ్వమని తీర్పు చెప్పింది. అందులో 21 లక్షల 60 వేలు కేవలం దగ్గరుండి చూసుకునే మనిషి కోసం. మన ఇళ్ళల్లో రాత్రింబగళ్ళు కాపలా కాసే తల్లి, భార్య చేసే పనికి లెక్క ఉందని దేశపు పెద్ద కోర్టు ఒప్పుకుంది. సంఘం ఒప్పుకోకపోతే ఎలా?

కాబట్టి కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. దెబ్బ తగిలిన వెంటనే పోలీసులకు చెప్పి ఎఫ్‌ఐఆర్ రాయించండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం 2022 ఏప్రిల్ 1 నుంచి ట్రిబ్యునల్‌లో పరిహారం కేసు 6 నెలల లోపు వేయాలన్న గడువు వచ్చింది. మెదడు నష్టం మెల్లగా బయటపడుతుంది, గడువు మాత్రం ఆగదు. అందుకే కేసు త్వరగా వేయండి, రాజీకి మాత్రం తొందరపడకండి. గడువు దాటినా మీ అంతట మీరే ఆశ వదులుకోకండి, ముందు లాయరును అడగండి. స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు ఒక సంచిలో భద్రంగా ఉంచండి. మనిషిలో కనిపించే మార్పులను తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

ఒక హెచ్చరిక. గుద్దని బండిని గుద్దిందని చూపించడం, డ్రైవరు పేరు మార్చడం అబద్ధ సాక్ష్యము. పదియాజ్ఞలు కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోవు. అలాంటి కేసు నేను ఆశీర్వదించను. మన సంఘంలోని రైతు సహోదరులకు కూడా ఒక మాట. ట్రాక్టరు ట్రక్కు సరుకుకే గాని మనుషులకు కాదు. అది బోల్తా పడితే ఇన్సూరెన్సు కంపెనీ మాకు సంబంధం లేదని వాదించగలదు. అప్పుడు కూలీ కుటుంబానికి దిక్కెవరు? ఎద్దు పొడుస్తుందని ముందే తెలిసీ కట్టెయ్యని యజమానిని అదే 21వ అధ్యాయము దోషిగా ఎంచుతుంది.

ఇక నా తీర్మానం. తల దెబ్బ తగిలిన ఏ మనిషి రాజీ కాగితం మీదా, డాక్టరు మాట వినకుండా నేను ఇకపై సంతకం పెట్టను. దెబ్బకు ముందు ఆ మనిషి ఎలాంటివాడో మనకు తెలుసు, కోర్టుకు తెలియదు. ఆ నిజం చెప్పడానికి పిలిస్తే సాక్షిగా వెళ్తాను. మీరూ రండి. ఆ తమ్ముడు ఇప్పుడు మందులు వాడుతున్నాడు, ఆదివారం చివరి వరుసలో కూర్చుంటున్నాడు. పాట మధ్యలో లేచి వెళ్ళిపోతే ఎవరూ తల తిప్పి చూడకండి. అతని భార్యను మాత్రం ఆరాధన అయ్యాక పలకరించండి, వారానికి ఒక పూట ఆమె బదులు మీరు అతని దగ్గర కూర్చోండి. కోర్టు తీర్చని బాకీలో సంఘం వంతు అది.

విధవరాలి మొర విన్న దేవుడు మన మొర కూడా వినును గాక. ఆమేన్.