1950 గీసిన గీత మీద మన తగాదా

బౌద్ధం తీసుకున్న దళితులు చర్చికి వెళ్ళే దళితులను 'సర్టిఫికెట్ హిందువులు' అంటున్నారు. 'బుద్ధుడి పేరు చెప్పుకుని మీరు ఉన్నది హిందువుల లెక్కలోనే కదా' అని వాళ్ళు ఎత్తిపొడుస్తున్నారు. సూరత్‌లో రంగుల మిల్లుల మధ్య ఉన్న పాండేసరలో, వలస కార్మికుల మీద పరిశోధన కోసం తిరుగుతున్నప్పుడు తెలుగు కుటుంబాల్లోనూ ఇదే తగాదా విన్నాను.

ఈ గీత గీసింది బుద్ధుడూ కాదు, క్రీస్తూ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అంటే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట నడిచినవాళ్ళు కూడా ఆ ఉత్తర్వు ప్రకారం 34 ఏళ్ళు ఎస్సీలు కారు. ఆ దెబ్బ తిన్న బౌద్ధులకు దళిత క్రైస్తవుల గోడు అందరికంటే ముందు అర్థం కావాలి.

పాండేసరలో ఈ తగాదాకు అసలు అర్థమే లేదు. సొంత రాష్ట్రంలోని హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని మర్రి చంద్రశేఖర్ రావు కేసులో 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ నుంచి వచ్చిన మాల, మాదిగ కుటుంబం ఏ దేవుణ్ణి నమ్మినా, అసలు నమ్మకపోయినా, గుజరాత్ రాష్ట్ర రిజర్వేషన్ దక్కదు. పైగా బౌద్ధం వేరే మతమనీ, అందులోకి మారాలన్నా 2003 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలనీ గుజరాత్ ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇచ్చింది. పాస్టర్‌ను ఆపే చట్టమే భంతేనూ ఆపుతోంది.

క్రైస్తవంలోకి మారినవాళ్ళకు అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దాడికి గురైనవాళ్ళలో చాలామంది చర్చికి వెళ్ళేవాళ్ళే. నరికినవాళ్ళు మతం అడగలేదు, వాడ చూశారు.

వాటా తగ్గుతుందన్న భయం ఉత్తిది కాదు. మిషన్ బడుల్లో ముందుగా చదువుకున్నవాళ్ళే ఎక్కువ అందుకుంటారన్న అనుమానమూ ఉంది. దానికి జవాబు వాటాలు తేల్చుకోవడమే. వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది కూడా. మతాన్ని చూసి కొందరిని బయటే నిలబెట్టడం జవాబు కాదు. మూడో పేరా తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది.

చర్చి పెద్దలకూ ఒక ప్రశ్న. దళితుల విశ్వాసం మీద నిలబడ్డ సంస్థలో తొలి దళిత కార్డినల్ పూల ఆంథోని రూపంలో 2022లో గానీ రాలేదు ఎందుకు? ఢిల్లీలో ఎస్సీ హోదా అడిగేవాళ్ళు తమ పీఠాల్లోని కులం గురించీ నోరు విప్పాలి.

నేను బౌద్ధాన్ని ఎంచుకున్నవాణ్ణి. 22 ప్రతిజ్ఞల మీద, మోక్షం మీద, మహిమల మీద చర్చి మిత్రులతో ఎంతసేపైనా వాదిస్తాను. ఆ వాదన మన మధ్య సాగాల్సిందే. కానీ పక్కింటివాడి కుల సర్టిఫికెట్ రద్దు చేయమని తహసీల్దారుకు అర్జీ పెట్టే పని మాత్రం ఏ అంబేడ్కరైటూ చేయకూడదు.