పింఛను అడిగిన నోటితోనే కాలేజీనీ అడగాలి

ఎమ్మెల్యే ఊరికి వస్తున్నారంటే రచ్చబండ దగ్గర అర్జీలు సిద్ధమవుతాయి. పింఛను రాలేదని ఒకరు, ఇంటి స్థలం కావాలని ఒకరు, బోరు ఎండిపోయిందని ఇంకొకరు, వేరుశనగకు బీమా సొమ్ము అందలేదని మరొకరు కాగితాలు పట్టుకుని నిలబడతారు. ఇవన్నీ న్యాయమైన కోరికలే. కాని ఆ కాగితాల కట్టలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ గురించి రాసినది ఒక్కటైనా ఉంటుందా అంటే అనుమానమే.

అనంతపురం పల్లెల్లో దీని ఫలితం ఇంటింటా కనిపిస్తూనే ఉంది. అమ్మాయి ఇంటర్ పాసవుతుంది. దగ్గరలోని ప్రభుత్వ కాలేజీలో ఆమె కోరిన గ్రూపు ఉండదు, ఉన్నా పాఠం చెప్పేవారు ఉండరు. టౌనులో ప్రైవేటు కాలేజీలో చేర్చాలంటే బస్సు ఖర్చు, హాస్టలు ఖర్చు. తండ్రి లెక్కలు వేసుకుని ‘చదివింది చాల్లే’ అంటాడు. ఏడాది తిరక్కుండా పెళ్లి కుదురుతుంది. అబ్బాయి అయితే సంచి భుజాన వేసుకుని బెంగుళూరు బస్సు ఎక్కుతాడు. వానలు లేక పంట పోతే వచ్చే ఏడు చూసుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల వయసులో ఆగిన చదువు మళ్లీ మొదలు కావడం అరుదు.

జిల్లాలో ఉన్న పెద్ద విద్యాసంస్థలు ఎలా వచ్చాయో పెద్దలు పిల్లలకు చెప్పాలి. 1916లో దత్తమండలాల కళాశాలగా మొదలైనదే నేటి అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. ఇల్లూరు గ్రామంలో పుట్టిన నీలం సంజీవరెడ్డి ఇక్కడే చదివి రాష్ట్రపతి పదవి దాకా వెళ్లారు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులో కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రం ఒకటి అనంతపురంలో ఉండాలని రాసుకున్నారు. రాసుకున్నంత మాత్రాన అది రాలేదు. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతికి వెళ్లింది. 1968లో దాని పీజీ కేంద్రం అనంతపురానికి వచ్చింది. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. అంటే కాగితం మీది మాట విశ్వవిద్యాలయంగా మారడానికి 44 ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో సీమవాసులు అడగడం మానుకుని ఉంటే ఆ మాట కాగితం మీదే ఉండిపోయేది.

సాధించుకున్నది నిలబెట్టుకోవడం ఇప్పటి సమస్య. భవనాలు ఉన్నాయి, బోర్డులు ఉన్నాయి. చెప్పేవారే తక్కువ. 2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధనా పోస్టుల భర్తీకి ప్రకటన వెలువడింది. వ్యవహారం కోర్టుకెక్కి నియామకాలు ఆగాయి. అంతమంది అధ్యాపకులు లేరని ప్రభుత్వ ప్రకటనే చెప్పింది కాబట్టి దీన్ని ఎవరో గిట్టనివారి ఆరోపణ అనుకోవడానికి వీల్లేదు. ఇలాంటి చోట అతిథి అధ్యాపకులతో కాలం గడుపుతారు. వారు కష్టపడి చెప్పినా రేపటి ఉద్యోగానికి భరోసా లేని మనిషి పరిశోధన చేయించగలడా? ప్రయోగశాలను నిలబెట్టగలడా?

‘ఫీజు ప్రభుత్వమే కడుతోంది కదా, ప్రభుత్వ కాలేజీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత’ అని కొందరు అంటారు. ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల ఎందరో పేదపిల్లలు కాలేజీ గడప తొక్కారు. ఆ మేలును ఎవరూ కాదనలేరు. కాని ఆ సొమ్ము విడుదల ఆలస్యమైనప్పుడల్లా యాజమాన్యాలు తల్లిదండ్రుల వైపే చూస్తాయి. ఒక ఉత్తర్వుతో వచ్చిన సాయం మరో ఉత్తర్వుతో ఆగిపోవచ్చు కూడా. 2020 డిసెంబరులో జారీ అయిన ఉత్తర్వుతో ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా పీజీలో చేరేవారికి ఆ సాయం ఆగిపోయింది. ప్రభుత్వ కాలేజీలో మంజూరైన అధ్యాపకుడి పోస్టు అంత సులువుగా మాయం కాదు. అక్కడ కట్టిన ప్రయోగశాల, కొన్న పుస్తకం వచ్చే తరానికీ మిగులుతాయి.

మరి దీనికి ఎమ్మెల్యే ఏం చేయగలరు? లెక్చరర్‌ను తానుగా నియమించలేరు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అధ్యాపకుల ఎంపిక పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేస్తుంది. అయితే పోస్టు భర్తీకి ఆర్థికశాఖ అనుమతి ఇవ్వాలి, బడ్జెట్‌లో జీతం డబ్బు చూపాలి. ఆ బడ్జెట్‌ను ఆమోదించేది శాసనసభే. విశ్వవిద్యాలయాలకు ఏటా ఇచ్చే గ్రాంటు కూడా ఆ పద్దుల్లోనిదే. 1976 రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లిన మాట నిజమే. అయినా ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్ జీతం రాష్ట్ర ఖజానా నుంచే రావాలి. ఢిల్లీ వైపు వేలు చూపి తప్పించుకోవడానికి వీలు లేదు.

సభలో సభ్యుడు ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పాలి. ‘మా నియోజకవర్గంలోని కాలేజీలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎప్పటికి నింపుతారు’ అని అడిగితే ఆ జవాబు రికార్డుకెక్కుతుంది. మరుసటి ఏడాది అదే జవాబు చూపి మళ్లీ నిలదీయవచ్చు. పాలకపక్షమా, ప్రతిపక్షమా అన్న తేడా దీనికి లేదు. రాష్ట్రంలోని 175 మంది ఎమ్మెల్యేలలో ఉమ్మడి అనంతపురం జిల్లావారు 14 మంది. 2022లో జిల్లా రెండుగా విడిపోయినా ఆ సంఖ్య తగ్గలేదు. పార్టీలు ఏవైనా ఈ ఒక్క విషయంపై 14 గొంతులు కలిస్తే ఏ మంత్రీ వినకుండా ఉండలేరు.

గ్రామస్థులు ముందు చేయవలసింది వివరాలు సేకరించడం. ‘మా కాలేజీ బాగుచేయండి’ అని రాస్తే ఆ అర్జీ ఎటూ కదలదు. ఏ సబ్జెక్టుకు ఎంతకాలంగా లెక్చరర్ లేరు, ఆడపిల్లల హాస్టల్లో ఎన్ని సీట్లు ఉన్నాయి, ఉదయం కాలేజీ వేళకు బస్సు ఉందా లేదా అన్నది అంకెలతో రాయాలి. ప్రిన్సిపాల్‌ను అడిగితే తెలుస్తుంది. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. కోరికలు రెండు మూడుకు మించకూడదు. చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు ఉండాలి. ఒక్కరు వెళ్లడం కన్నా నాలుగు ఊళ్లవారు కలిసి వెళ్లడం మేలు. తల్లులు ముందు నిలబడితే మరీ మేలు. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. ‘ఈ సమావేశాల్లో ప్రశ్న వేస్తారా’ అని ముఖాముఖి అడగాలి. నెల తర్వాత మళ్లీ వెళ్లి ఏమైందని అడగాలి.

అడిగే కాలం కూడా చూసుకోవాలి. విత్తనం అదనులో వేయకపోతే మొలవదని రైతుకు చెప్పనక్కర్లేదు. బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సభకు వస్తుంది. శాఖలు అంచనాలు తయారుచేసేది అంతకు ముందే. బడ్జెట్ చదివిన తర్వాత ఇచ్చే అర్జీ పంట కోసిన చేలో ఎరువు చల్లినట్టే. దసరా, దీపావళి నాటికే కాగితం ఎమ్మెల్యే చేతిలో పడాలి.

ఎమ్మెల్సీలను మరిచిపోరాదు. శాసనమండలిలో పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు వేరుగా స్థానాలున్నాయి. పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానానికి 2023లో ఎన్నిక జరిగింది. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఇందులో ఓటరుగా చేరవచ్చు. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది కాబట్టి పాత ఓటరు కూడా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఊళ్లో డిగ్రీ చదివిన యువకులు ఆ పని చేయకుండా, పట్టభద్రుల ప్రతినిధి కాలేజీలను పట్టించుకోవడం లేదని వాపోతే లాభమేమి?

గ్రామస్థుల వైపు కూడా ఒక లోపం ఉంది. ప్రభుత్వ కాలేజీ కావాలని సంతకం పెట్టి, పిల్లవాడిని మాత్రం రంగుల బస్సు పంపే ప్రైవేటు కాలేజీలో చేర్చేవారు ఉన్నారు. చేరేవారు లేకపోతే గ్రూపును కొనసాగించమని అడిగే ఎమ్మెల్యే మాటకు సభలో బలం ఉండదు. అడిగినవారు చేరాలి. చేరినవారి తల్లిదండ్రులు ఏడాదికి రెండుసార్లైనా కాలేజీకి వెళ్లి పాఠాలు జరుగుతున్నాయో లేదో చూడాలి.

ప్రైవేటు యాజమాన్యాలకు రాజధానిలో పలుకుబడి ఉంది, సంఘాలున్నాయి. ప్రభుత్వ కాలేజీలో చదివే కూలివాని కూతురికి ఊరు తప్ప అండ లేదు. ఈసారి ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు పింఛను కాగితం పక్కన కాలేజీ కాగితం కూడా పెట్టాలి. ఆ కాగితం మీద మొదటి సంతకం ఇంటర్ చదివే పిల్లలున్న ఇంటి నుంచి పడాలి.