స్టార్ హోటల్లో రెండు రాత్రులు: దాచకుండా చెప్తున్నా

పోయిన నెల నా ఫోటో ఒకటి మన గ్రూపుల్లో తిరిగింది. హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్ లాబీలో, నా అంత ఎత్తున్న పూలకుండీ పక్కన సోఫాలో కూర్చున్న ఫోటో. "నాయకుడు అమ్ముడుపోయాడు" అని కొందరు. "జనానికి డోలీ మోతలు, వీళ్లకు ఏసీ గదులా" అని ఇంకొందరు. నా తరఫున పోట్లాడినవాళ్లూ ఉన్నారు: "ఆదివాసీ బిడ్డ మంచి హోటల్లో ఉంటే మీకెందుకు మంట?" అని. అప్పుడు ఎవరికీ జవాబు ఇవ్వలేదు. తిట్టినవాళ్లూ వెనకేసుకొచ్చినవాళ్లూ కూడా అసలు తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేదు. అది నాకు తెలుసు. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

ఆదివాసీ జీవనోపాధుల మీద రెండు రోజుల జాతీయ సదస్సు అది. పిలిచింది ఒక స్వచ్ఛంద సంస్థ. ఖర్చు భరించింది కొన్ని కంపెనీలు. పేర్లు రాయను. ఒకరి పేరు రాస్తే మిగతా అందరూ మంచివాళ్లయిపోతారు.

అనంతగిరి ఘాట్ దిగి విశాఖ, అక్కడ గోదావరి ఎక్స్‌ప్రెస్ స్లీపర్ బోగీ, పొద్దున్నే సికింద్రాబాద్. హోటల్ గేటు దగ్గర నా సంచి మిషన్లో పెట్టించాక సెక్యూరిటీ ఆయన అన్నాడు, "డ్రైవర్లు ఆ పక్క గేటు." నేను అతిథినని చెప్తే నా మొహం, చెప్పులు, మళ్లీ మొహం చూశాడు. ఆయన మీద కోపం రాలేదు. ఆయన మాటలో మా ఉత్తరాంధ్ర యాసే ఉంది. పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం. ఆ గేటు లోపలికి ఎలాంటి మనిషి రావాలో ఆయనకు ఎవరో నేర్పారు. నాలాంటివాడు ఆ లెక్కలో లేడు, అంతే.

గది మధ్యాహ్నం రెండుకు గానీ ఇవ్వరట. అప్పటిదాకా లాబీలో కూర్చున్నాను. మీరు చూసిన ఫోటో అదే. ఫోటోలో పడనిది నా ఎదురు గోడ. దాని మీద మా థింసా ఆడే ఆడవాళ్ల పెద్ద పటం ఉంది. కింద ఫోటోగ్రాఫర్ పేరు ఉంది. ఆడుతున్న పదిహేను మందిలో ఒక్కరి పేరూ లేదు. మెనూ కార్డులో "అరకు వ్యాలీ కాఫీ" 425 రూపాయలు, పన్ను అదనం. మా ఊళ్లో కాఫీ పళ్లు కోసే ఆడమనిషికి పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా వంగి లేచినా అంత కూలి రాదు. నేను తాగలేదు. పౌరుషం ఏమీ కాదు, దాని డబ్బు సంస్థ ఇస్తుందో నేనే ఇవ్వాలో తెలియక తాగలేదు.

గది సంగతి కూడా చెప్పాలి కదా. బాగుంది. చాలా బాగుంది. బాగాలేదని రాస్తే మీరు నమ్మకండి. ఆ పరుపు మీద వాలగానే పన్నెండేళ్ల హాస్టల్ నేల నడుములో నుంచి దిగిపోయినట్టు అనిపించింది. వేడి నీళ్లు తిప్పగానే వచ్చాయి. ఇరవై నిమిషాలు వాటి కింద నిలబడ్డాను. అద్దం పక్కన చిన్న కార్డు: టవల్ మళ్లీ వాడండి, నీరు ఆదా చేయండి, భూమిని కాపాడండి. చెవికి కుండ ఆనించుకుని గెడ్డ నుంచి నీళ్లు మోసే మా అమ్మకు ఈ కార్డు చదివి వినిపిస్తే ఏమంటుందో అనుకుని ఒక్కడినే నవ్వుకున్నాను.

కాబట్టి ముందుగా తిట్టినవాళ్లకు: ఆదివాసీ అంటే చింకి చాప మీదే పడుకోవాలి, అప్పుడే నికార్సయిన ఆదివాసీ అనే మాట మన నోట రాకూడదు. అది మనల్ని మ్యూజియంలో పెట్టాలనుకునేవాళ్ల మాట. మంచి మంచం, వేడి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి మా అమ్మకూ కావాలి. నాకూ కావాలి. ఇక నన్ను వెనకేసుకొచ్చినవాళ్లకు: ఆ రెండు రాత్రులను విజయంగా చూపించకండి. బిల్లు నాది కాదు. చివరి రోజు తలుపు కింద నుంచి కాగితం తోశారు. రాత్రికి 9,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 11,210 రూపాయలు. ఉపాధి పనికి రోజుకు 300 చొప్పున వేసుకుంటే నేను ఒక్క రాత్రి పడుకున్నదానికి మా అమ్మ 37 రోజులు మట్టి తవ్వాలి. కాగితం మీద ఎర్ర ముద్ర ఉంది, "కంపెనీ చెల్లిస్తుంది" అని. దీన్ని మనం గెలిచిన గది అనుకుందామా?

రెండో రోజు పొద్దున్న అమ్మతో ఫోన్‌లో మా ఆదివాసీ ఒడియాలో మాట్లాడుతున్నాను. తలుపు కొట్టి హౌస్‌కీపింగ్ అమ్మాయి వచ్చింది. దుప్పటి తీస్తూ తీస్తూ ఆగిపోయింది. ఫోన్ పెట్టేశాక అడిగింది, "సార్, మీది ఏ వైపు?"

"అరకు వైపమ్మా. అనంతగిరి మండలం."

"మాది ముంచంగిపుట్టు అన్నా."

ఒక్క క్షణంలో సార్ పోయి అన్న వచ్చాడు. తర్వాత పది నిమిషాలు ఆమె చేతులు ఆగలేదు, మాటా ఆగలేదు. డీఎడ్ చేసింది. టెట్ పాసయింది. వాళ్ల పంచాయతీలోనే టీచరు అవుదామని చదివింది. మీకు తెలిసిందే, 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు తీర్పు మనం చట్టం పుస్తకంలో చదువుతాం. నేను దాన్ని ఆ రోజు దుప్పటి మారుస్తుంటే చూశాను. స్కిల్ ట్రైనింగ్ పేరుతో మూడు నెలలు నేర్పి ఈ ఉద్యోగంలో చేర్చారట. షిఫ్టుకు పద్నాలుగు గదులు. అతిథుల లిఫ్ట్ ఎక్కకూడదు. ఎనిమిది మంది అమ్మాయిలు ఒక్క గదిలో, కింద పరుపులు. పండక్కి సెలవు అడిగితే జీతం కోత.

నేను లేచి దుప్పటి ఓ మూల పట్టుకోబోయాను. "వద్దన్నా, మూలలు సరిగ్గా రాకపోతే సూపర్‌వైజర్ నన్నంటాడు" అంది. వెళ్లేముందు అడిగింది, "మన పోస్టులు మళ్లీ మనకే వస్తాయా అన్నా?"

"పోరాడుతున్నాం చెల్లీ" అన్నాను. ఆ మాట అని ఆమె సర్దిన మంచం మీదే కూర్చున్నాను.

మధ్యాహ్నం నా వంతు. విషయం "కొండ ప్రాంతాల్లో పర్యాటకం, ఆదివాసీ యువత." పది నిమిషాలు. కాగితం మీద మూడు పాయింట్లు రాసుకున్నాను. ఒకటి: అరకు, లంబసింగి, వంజంగి వైపు ఆదివాసీ పేరు మీద కట్టే బినామీ రిసార్టులు. పట్టా మనోడిది, పెట్టుబడి మైదానం వాడిది, చివరికి పట్టాదారు తన పొలంలోనే వాచ్‌మన్. రెండు: 1/70 కింద ఆదివాసీయేతరుడికి అమ్మడం ఒక్కటే కాదు, లీజుకివ్వడం కూడా బదలాయింపే, అది చెల్లదు. మూడు: 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. ప్రభుత్వమైనా సరే షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు కంపెనీకి గనులకోసం లీజుకివ్వడానికి వీల్లేదని చెప్పింది. ఆ కేసు పుట్టింది మా అనంతగిరి మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల గనుల మీద. గనికి కుదరని భూమి స్విమ్మింగ్ పూల్‌కి ఎలా కుదురుతుంది అని అడగాలనుకున్నాను. ఎదుటి వరసలో కూర్చున్న పెద్దమనిషినే అడగాలనుకున్నాను. ఆయన కంపెనీ కొండల మీద "ఎకో రిసార్టులు" కడదామని చూస్తోంది. సదస్సు ఖర్చులో వాళ్ల వాటా ఉంది.

ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర ఆయన నా పక్కనే కూర్చున్నాడు. "తమ్ముడూ, ఇది తిను, బాగుంటుంది" అని తానే వడ్డించాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదని తెలిసి నిజంగానే సంతోషపడ్డాడు. చెడ్డమనిషిలా లేడు. ఉండి ఉంటే నా పని తేలికయ్యేది.

మైకు ముందు మొదటి పాయింటు చదివాను. రెండోదానికి వచ్చేసరికి "చట్టపరంగా కొన్ని సందేహాలున్నాయి" అన్నాను. సందేహాలా! నాకు ఏ సందేహమూ లేదు. మూడోది అసలు చదవలేదు. "టైము లేదు" అన్నాను. ఇంకా మూడు నిమిషాలుంది. అందరూ చప్పట్లు కొట్టారు. సభ నడిపినావిడ "ఎంత సంయమనంగా మాట్లాడాడో చూడండి" అంది. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ వీపు మీద దురదలా ఉంది.

ఎవరూ నాకు డబ్బు ఇవ్వలేదు. ఎవరూ బెదిరించలేదు. ఉప్పు తిన్నాను, గొంతు తగ్గింది. మన ఊళ్లల్లో ఒక ఇంట్లో తిన్నవాడు ఆ ఇంట్లో తగువు పెట్టుకోడు. అది మంచి అలవాటు, మన పెద్దలు నేర్పిందే. కానీ మనల్ని పిలిచేవాళ్లకు కూడా ఆ అలవాటు తెలుసు. మనల్ని కొనాల్సిన పని లేదు. అతిథిని చేస్తే చాలు.

ఇదే నా ఫిర్యాదు. ఆ హోటల్ మీద కాదు. మన భూమి గురించి మాట్లాడే చోటు ఎక్కడికి మారిపోతోందో చూడండి. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. అక్కడే సాక్షాత్తు శాసనసభ స్పీకర్ 1/70ని సవరించాలన్న మాట ఎత్తారు. ఆ మాట ఏ గ్రామసభలో ఎత్తలేదు. మా కొండ మీద నిలబడి ఎత్తలేదు. జవాబు మాత్రం కొండ మీద నుంచే వెళ్లింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం 48 గంటలు బంద్ చేసింది, చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు రోజులు మనం ఎవరి అతిథులమూ కాదు. అందుకే గొంతు లేచింది.

నియమగిరి గుర్తు చేసుకోండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. ఆ వర్షాకాలంలో 12 ఊళ్లలో సభలు పెట్టారు. జిల్లా జడ్జి బురదలో నడుచుకుంటూ కొండెక్కి వచ్చి వాళ్ల ముందు కూర్చున్నాడు. డోంగ్రియా కోందులు తమ చెట్ల కింద, తమ భాషలో, బాక్సైట్ గని వద్దన్నారు. 12కి 12 ఊళ్లు వద్దన్నాయి. అదే మనుషుల్లో ఊరికి ఇద్దరిని ఏరి, భువనేశ్వర్‌లో ఏసీ హాలుకు తెచ్చి, మెడలో ట్యాగు వేసి, రాత్రి బిర్యానీ పెట్టి పొద్దున అడిగి ఉంటే? వాళ్లు నాకంటే గట్టివాళ్లు, వద్దనే అనేవారేమో. నన్ను నేను చూసుకున్నాక మాత్రం ఒట్టేసి చెప్పలేను.

పెసా చట్టం 1996లోనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని రూల్స్ 2011లో వచ్చాయి. గ్రామసభ అంటే ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ. ముసలమ్మ కూడా, చదువు రాని మామ కూడా. నాలాంటి ఇంగ్లిష్ ముక్కలొచ్చిన కుర్రాడిని "యువ ప్రతినిధి" అని పిలిచి రెండు రాత్రులు పడుకోబెడితే గ్రామసభను అడిగినట్టు కాదు. నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. సదస్సు నివేదికలో మాత్రం "ఆదివాసీ సమాజంతో సంప్రదింపులు జరిపాం" అని పడుతుంది, పక్కన నా ఫోటో ఉంటుంది. మీరు తిట్టాల్సింది ఆ ఫోటోను.

ఇకపై హోటళ్లకు పోవద్దంటారా అని మన కుర్రాళ్లు అడుగుతున్నారు. పొండి. పని పడితే ఉండండి, బాగా పడుకోండి, మన అమ్మాయిలు కనబడితే పేరు అడగండి, వాళ్ల జీతం ఎంతో అడగండి. మన భూమి, నీళ్లు, అడవి మీద మాట తీసుకునే మీటింగ్ మాత్రం అక్కడ పెడితే వెళ్లకండి. పెట్టేవాళ్లనే ఊరికి రమ్మనండి.

నేను తిరిగొచ్చాక ఆ సంస్థకు ఉత్తరం రాశాను. తర్వాతి సమావేశం మా ఊళ్లో పెట్టండి, ఆదివారం బడి వరండా ఖాళీ, సామన్నం, కోడికూర పెడతాం, గెడ్డ నీళ్లు కాచి ఇస్తాం, చలికి రగ్గులు మీవే అని. మర్యాదగానే జవాబిచ్చారు. ఆలోచన బాగుంది గానీ ప్రతినిధులకు తగిన వసతి లేదు, నెట్‌వర్క్ లేదు. మీరే ఊరి నుంచి నలుగురిని తీసుకుని రండి, ఇక్కడే గదులు ఏర్పాటు చేస్తాం అని.

ఊరివాళ్లకు చదివి వినిపించాను. మా పెద్దాయన ఒకాయన చుట్ట ఆర్పి అడిగాడు, "అయితే వాళ్లు ఇక్కడ ఒక్క రాత్రి పడుకోలేరు గానీ, ఇక్కడే హోటలు కట్టేస్తారా?"

వచ్చే నెల రెండో ఆదివారం మా గ్రామసభ. ఆ పెద్దమనిషికి కూడా కబురు పంపాం, సంస్థవాళ్లకు కూడా. చదవని మూడో పాయింటు కాగితం నా దగ్గరే ఉంది, ముందు అదే చదువుతాను. మీరూ రండి. రోడ్డు మీద బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవాలి, దారిలో గెడ్డ దాటాలి. రగ్గు తెచ్చుకోండి.

జోహార్.