రాని రంగును రాయకండి

గంజినీళ్ళలో రెండు చుక్కల అయోడిన్ ద్రావణం వేస్తే ముదురు నీలిరంగు వస్తుంది. ఇది మీకందరికీ తెలిసినదే. ఒకసారి మా తొమ్మిదో తరగతిలో ఈ ప్రయోగం చేయించాను. ద్రావణం పాతది, బలం పోయింది. ఎవరి పరీక్షనాళికలోనూ నీలిరంగు రాలేదు. అయినా రికార్డులన్నింటిలోనూ ‘నీలిరంగు వచ్చింది’ అని రాసి ఉంది!

“ఏమర్రా, ఎక్కడ వచ్చింది?” అంటే, “పుస్తకంలో అలాగే ఉంది కదండీ మాస్టారూ!” అన్నారు.

తప్పు వాళ్ళదొక్కటే కాదు. ఏళ్ళ తరబడి అటువంటి రికార్డుల మీద సంతకాలు పెట్టినవాణ్ణి నేనే.

“ఇంతమాత్రానికి కొంప మునిగిందా?” అని మీరు అడగవచ్చు. కలరా బాక్టీరియాను ప్రయోగశాలలో ఎలా గుర్తుపడతారో, 1992లో ఏం జరిగిందో చెబుతాను. ఆ తరువాత మీరే ఆలోచించండి.

విరేచనాలు కలిగించే బాక్టీరియాలు చాలా ఉన్నాయి. రోగిని చూసినంత మాత్రాన ఇది ఫలానా బాక్టీరియా పనే అని చెప్పలేం. కలరాకు కారణం కామా గుర్తులా వంకర తిరిగిన బాక్టీరియా అని 1884లో కలకత్తాలో పరిశోధన చేసిన రాబర్ట్ కాక్ ప్రకటించాడు. కాని కామా ఆకారంలో ఉన్నవన్నీ కలరా బాక్టీరియాలు కావు. అందుకే ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షలు చేయాలి.

మొదట రోగి మలాన్ని కొద్దిగా తీసి, క్షారగుణం గల పెప్టోన్ నీటిలో వేసి, ఆరు నుంచి ఎనిమిది గంటలు వెచ్చగా ఉంచుతారు. క్షారంలో పేగుల్లోని ఇతర బాక్టీరియాలు చాలావరకు వెనకబడతాయి. కలరా బాక్టీరియా చకచకా పెరుగుతుంది. అందులోంచి ఒక చుక్కను పైత్యలవణాలు, చక్కెర, రంగు సూచిక కలిపిన ఆకుపచ్చని అగార్ మీద గీస్తారు. కలరా బాక్టీరియా చక్కెరను పులియబెట్టి ఆమ్లం చేస్తుంది. దాంతో మరునాటికి పసుపుపచ్చని చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్క చుక్క లక్షలాది బాక్టీరియాల గుంపు.

ఆ గుంపును మామూలు అగార్ మీద మళ్ళీ పెంచి ఆక్సిడేజ్ పరీక్ష చేస్తారు. కొన్ని సెకన్లలో ముదురు ఊదారంగు వస్తే, అది టైఫాయిడ్ బాక్టీరియా కాదు, రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా కాదు, ఇ. కోలై కూడా కాదు. చివరగా గాజు పలక మీద ఓ1 సీరంతో కలుపుతారు. బాక్టీరియా ఓ1 రకానిదైతే పాలు విరిగినట్లు ముద్దలు కడుతుంది.

1992 వరకు, ఊళ్ళకు ఊళ్ళను చుట్టుముట్టే కలరాకు ఓ1 రకమే కారణమని పుస్తకాలు చెప్పేవి. ఆ సంవత్సరం చివరలో మద్రాసులోను, తరువాత కలకత్తా, బంగ్లాదేశ్‌లలోను రోగం వ్యాపించింది. లక్షణాలన్నీ కలరావే. పసుపు చుక్కలు వచ్చాయి, ఊదారంగు వచ్చింది. సీరంలో మాత్రం ముద్దలు కట్టలేదు!

అప్పుడు వారు మా తొమ్మిదో తరగతి పిల్లల్లాగా ‘ముద్ద కట్టింది’ అని రాసి ఉంటే? లేదా ‘ఓ1 కాదు కనుక కలరా కాదు’ అని పక్కన పడేసి ఉంటే? శాస్త్రజ్ఞులు ఉన్నది ఉన్నట్లు రాశారు. అప్పటికి తెలిసిన 138 రకాల సీరంలలో దేనితోనూ అది ముద్ద కట్టలేదని తేల్చారు. కలరా విషాన్ని మాత్రం తయారు చేస్తున్నదని కనుగొన్నారు. 1993లో దానికి ఓ139 అని పేరు పెట్టారు. ఓ1 కలరాను తట్టుకునే శక్తి ఉన్న పెద్దవాళ్ళు కూడా ఎందుకు జబ్బు పడుతున్నారో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఓ139 చాలా అరుదు. అయినా ప్రయోగశాలలు ఆ సీరాన్ని కూడా దగ్గర ఉంచుకుంటాయి.

ఒక్క మాట. విరేచనాలు పట్టుకున్నవారికి ఉప్పు-చక్కెర ద్రావణం పట్టడానికి ఏ పరీక్ష కోసమూ ఆగనక్కరలేదు. వెంటనే పట్టాలి. పరీక్ష ఫలితం ఊరిని కాపాడటానికి అవసరం.

పుస్తకంతో సరిపడని ఫలితమల్లా కొత్త విషయమేనని నేననను. చాలాసార్లు తప్పు మన సీసాలోనే ఉంటుంది. అందుకే ప్రయోగశాలల్లో సీరాన్ని ముందుగా తెలిసిన బాక్టీరియాతో సరిచూస్తారు. మేమూ మరునాడు కొత్త అయోడిన్ ద్రావణంతో చేశాం, నీలిరంగు వచ్చింది. కాని ‘రాలేదు’ అని ఒప్పుకున్న తరువాతే గదా సీసా మీద అనుమానం వచ్చేది!

“మార్కులు పోతాయి కదండీ” అంటారా? ఆ భయం పోగొట్టవలసింది మేమే. ‘రాలేదు’ అని రాసి, ఎందుకు రాలేదో వెతికినవారికి ఇప్పుడు నేను పూర్తి మార్కులు వేస్తున్నాను. మీ మాస్టారును కూడా అడగండి. రేపు మీలో ఒకరు ఏ ఆసుపత్రి ప్రయోగశాలలోనో గాజు పలక పట్టుకుని కూర్చుంటారు. ఆనాటి నిజాయితీ ఈనాటి రికార్డు పుస్తకంలోనే అలవాటు కావాలి.