పాడని పాటకు ఏ గ్రేడు

పదో తరగతి మెమో ఇంట్లో ఉంటే ఒకసారి తీయండి. మార్కుల సంగతి పక్కన పెట్టి, సహపాఠ్య అంశాలు రాసిన చోట వెతకండి. కళలు, సాంస్కృతిక విద్య అని ఒక వరుస ఉంటుంది, దాని పక్కన ఒక గ్రేడు. ఆ మెమో ఎవరిదో ఆ పిల్లను పిలిచి అడగండి. నీకు బొమ్మ గీయడం నేర్పిన సారు ఎవరమ్మా? పాట నేర్పిన టీచరు ఎవరు? చాలా బళ్లలో చదివిన పిల్లలు ఈ ప్రశ్నకు నవ్వుతారు. డ్రాయింగ్ సారు లేని బడిలో డ్రాయింగుకు గ్రేడు పడింది. సంగీతం టీచరు గడప తొక్కని బడిలో సంగీతానికి గ్రేడు పడింది. లెక్కల సారో, హిందీ టీచరో, వివరాలు పైకి పంపాల్సిన చివరి రోజున గబగబా నింపిన గడి అది. వాళ్లను నేను తప్పుపట్టను, ఖాళీగా పంపితే పైనుంచి ఫోను వస్తుంది. గడిని తయారుచేసి మనిషిని పంపని ప్రభుత్వానిదే తప్పు. దీనికి అబద్ధం అనే పేరు తప్ప ఇంకో పేరు నాకు తోచడం లేదు. రాజముద్ర వేసిన అబద్ధం.

కామారెడ్డి జిల్లాలో రాజంపేట లాంటి మండలం సంగతి చెబుతున్నాను. హైదరాబాదు ఇంటర్నేషనల్ స్కూళ్లలో పియానో గది వేరు, మట్టి బొమ్మల గది వేరు, వాటికి ఫీజు వేరు. అక్కడి అమ్మాయి సొంతంగా ఒక రాగం కట్టి, దానికి తనే ఒక బొమ్మ గీసి, తల్లిదండ్రుల ముందు నిలబడి వివరిస్తే దాన్ని సృజనాత్మకత అంటారు, ఫొటోలు తీస్తారు. ఇక్కడి అమ్మాయి అంతకంటే పెద్ద పని ప్రతి ఏడూ చేస్తుంది. దాన్ని ఎవరూ చదువుగా లెక్కగట్టరు.

ఏమిటా పని? బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు ఆడపిల్లలు బొడ్డెమ్మ పెడతారు. పుట్టమన్ను తెచ్చి, పిసికి, పీట మీద అంతస్తులు అంతస్తులుగా నిలబెట్టాలి. కింది వరుస వెడల్పు తప్పితే పై వరుస కూలుతుంది. మన్ను తడి ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే పగులుతుంది. పీట బొడ్డెమ్మ ఒక తీరు, గుంట బొడ్డెమ్మ ఇంకో తీరు, పందిరి బొడ్డెమ్మ మరో తీరు. తర్వాత బతుకమ్మ వస్తుంది. గునుగు పూలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. తంగేడు పసుపు పక్కన ఏ రంగు నిలుస్తుందో, ఏది వెలిసినట్టు కనబడుతుందో చూసుకుని పేర్చాలి. చుట్టూ తిరుగుతూ చప్పట్లు, అడుగు, వంగడం, పాట అన్నీ ఒకే లయలో పడాలి. ఒక పెద్దామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అందుకోవడంలో ఒక పిల్ల చప్పట్టు తప్పితే వరుసంతా తడబడుతుంది. శిల్పం, రంగుల పొందిక, తాళం, బృందగానం. ఏ ఫీజూ కట్టకుండా ఎనిమిదో తరగతి అమ్మాయి చేతుల్లో ఉన్న చదువు ఇది.

సెలవులు అయ్యాక ఆ అమ్మాయి బడికి వస్తుంది. ఎఫ్‌ఏకు ప్రాజెక్టు పని తెమ్మంటారు. ఎఫ్‌ఏ అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం, అందులో పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అని నాలుగు భాగాలు. కాగితం మీద ఎంతో బాగుంది. నిజంగా జరిగేది చెబుతాను. అమ్మాయి స్టేషనరీ దుకాణానికి పోయి చార్టు కొంటుంది. పక్కనే ఉన్న జిరాక్సు షాపాయనకు ఏ క్లాసుకు ఏ ప్రాజెక్టో నోటికి వచ్చు. నెట్‌లోంచి బొమ్మలు తీసి ప్రింటు ఇస్తాడు. ఇంటికొచ్చి ఫెవికాల్‌తో అంటించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో అంచు గీస్తే అయిపోయింది. సారు ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాడు. ఏడాది చివర ఆ చార్టులన్నీ తూకానికి పోతాయి. పుట్టమన్నుతో నాలుగు అంతస్తులు నిలబెట్టగలిగిన పిల్లకు మన బడి నేర్పింది అంటించడం.

చట్టం ఏమంటుందో చూద్దాం, ఎందుకంటే పైవాళ్లకు చట్టమంటే ప్రాణం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వంద దాటితే కళలకు, ఆటలకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాశారు. పార్ట్‌టైమ్! అది కూడా వంద దాటితేనే. పల్లె బళ్లలో ఆ మూడు తరగతులూ కలిపి వంద దాటేవి ఎన్ని? తొంభై మంది పిల్లలున్న బడిలో పాటకు హక్కు లేదన్నమాట. ఆ షరతు దాటి వచ్చిన పార్ట్‌టైమ్ బోధకుల గతి ఏమైందో కూడా మనకు తెలుసు. ఏళ్లకేళ్లు గౌరవ వేతనం పేరుతో గౌరవం లేని వేతనం తీసుకుని, చివరికి 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులందరితో కలిసి సమ్మె టెంటు కింద కూర్చున్నారు.

ఇక టీచర్ల నియామకాలు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో వచ్చిన డీఎస్సీ ప్రకటనలో మొత్తం 11,062 పోస్టులు. ఎస్జీటీలు 6,508, స్కూల్ అసిస్టెంట్లు 2,629, భాషా పండితులు 727. ఆటలకు 182 పీఈటీ పోస్టులైనా దక్కాయి. మిగిలినవి ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించేవాళ్లవి, అవి కావాల్సినవే. ఈ పదకొండు వేల చిల్లరలో డ్రాయింగ్ సారు ఒక్కడు లేడు. సంగీతం టీచరు ఒక్కరు లేరు. సున్నా. అదే రాష్ట్రం 2023లో గురుకులాలకు ఇచ్చిన ప్రకటనలో ఆర్ట్ టీచర్లు 132, మ్యూజిక్ టీచర్లు 124 పోస్టులు పెట్టింది. అంటే కళ అవసరమని సర్కారుకు తెలియక కాదు. గురుకులంలో సీటు దొరికిన పిల్లకు పాట కావాలి, సీటు దొరకక ఊరి బడిలో మిగిలిన ఆమె చెల్లెలికి అక్కర్లేదు. ఈ తేడా ఎవరు గీశారో చెప్పమనండి.

ఇంకో విడ్డూరం ఉంది. ఇదే ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగులో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ అని పరీక్షలు పెడుతుంది. ఫీజు కట్టించుకుంటుంది. అవి పాసైనవాళ్లకు ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ శిక్షణ ఇస్తుంది. సర్టిఫికెట్ల మీద సర్టిఫికెట్లు ఇస్తుంది. ఆ కాగితాలు పట్టుకున్న మనిషిని నిలబెట్టడానికి మండలంలో ఒక్క కుర్చీ లేదు. ఆ మనిషి షాపుల బోర్డులు రాసుకున్నాడు. ఫ్లెక్సీ వచ్చి ఆ పనీ పోయింది.

ఇక్కడ ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. "చదవడమే సరిగ్గా రాని పిల్లలకు పాటలెందుకు సారూ?" ఈ ప్రశ్నను కొట్టిపారేయను, ఇది నిజమైన బాధలోంచి వచ్చింది. అయితే జవాబు ప్రశ్నలోనే ఉంది. వాచకంలో పేరా తడుముకునే పిల్లకు బతుకమ్మ పాట మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చు. ఆ పాటను ఆమె చేతనే రాయించండి. నోట్లో ఉన్న మాట కాగితం మీద కనబడినప్పుడు అక్షరం దానంతటదే పట్టుబడుతుంది. అమ్మమ్మ పాడిన తీరు వేరు, పక్కూరి కోడలు తెచ్చిన తీరు వేరు. రెండింటినీ రాసి, తేడా ఎక్కడుందో కనిపెట్టమనండి. అది భాషా ప్రాజెక్టు, సంగీతం ప్రాజెక్టు, కాస్త తరచి చూస్తే సోషల్ ప్రాజెక్టు కూడా. చార్టు అక్కర్లేదు, ఫెవికాల్ అక్కర్లేదు.

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి పెట్టించుకున్న ప్రతి పిల్లకూ తెలుసు. ఎందుకు ఎర్రబడుతుందో చెప్పే సైన్సు టీచరు, ఆ ఎరుపుతో బొమ్మ వేయించే డ్రాయింగ్ టీచరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఒక నెల పాఠం నడుస్తుంది. ఇప్పుడున్న ఒక్కరే ఇద్దరి పనీ చేయాలి, ఎన్నికల డ్యూటీ కూడా చేయాలి.

డప్పు దగ్గరికొస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. వాయించే ముందు డప్పును మంట దగ్గర కాపుతారు. తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది, శబ్దం పైకి లేస్తుంది. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. పెళ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, చాటింపుకు ఒక దరువు, పీర్ల ముందర ఇంకొకటి. తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి పరికరం ఏ ల్యాబులో ఉంది? కానీ అది తరగతి గదిలోకి రాదు. మంత్రి వచ్చిన రోజు గేటు దగ్గరికి వస్తుంది. దండలు పడేదాకా మోగుతుంది, కారు లోపలికి పోగానే ఆగుతుంది. ఆ వాయించినాయన కొడుకు అదే బడిలో ఏడో తరగతి చదువుతుంటాడు, తండ్రి గేటు బయట ఉండగా తను ప్రార్థన వరుసలో నిలబడి ఉంటాడు. లోపల వినిపించే సంగీతం ఏమిటంటారా? ఆగస్టు పదిహేనుకు స్పీకరు బాక్సులో సినిమా పాట, దానికి ఫోనులో చూసి నేర్చుకున్న స్టెప్పులు. డప్పు బయట ఆగిపోవడానికి కారణం కులం. సిలబస్ మీదికి నెట్టడం ఇక చాలు.

మాట్లాడితే పైవాళ్లు 'కళ కూడు పెడుతుందా' అంటారు. పక్కనే ఉన్న సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూనే బోనాలను, బతుకమ్మను, పల్లె మనుషులను గీసి తెలంగాణ బొమ్మకు దేశంలో పేరు తెచ్చాడు. ఆయనకు కూడు పెట్టింది బడిలోని ఆ పోస్టే. ఆ పోస్టును ఎండబెట్టింది మీరు. ఎండబెట్టాక కళ కూడు పెట్టదని సామెత చెబుతున్నది కూడా మీరే! 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య, రెండేళ్లు తిరిగేసరికి ఇల్లు కడుతున్న చోట కూలి పని చేస్తున్నాడని పేపర్లలో చదివాం. దాన్ని చూసి పిల్లలను భయపెట్టారు కొందరు పెద్దలు, చూశారా కళకు పోతే గతి ఇదీ అని. నాకు కనబడింది వేరే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మనిషిని జిల్లాకు ఒక బడి వంతున తిప్పి, నెల జీతమిచ్చి, పిల్లల ముందు కూర్చోబెట్టే తెలివి ఒక్క అధికారికీ తట్టలేదే!

సిరిసిల్ల వైపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం, ఊరికి వచ్చిన నాటకాల వాళ్లు ఆడవేషం కట్టి రంగులు పూసుకోవడం చూసి బొమ్మల్లో పడ్డాడు. తర్వాత హైదరాబాదు, అక్కణ్నుంచి బరోడా, అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిష్యరికం. ఊళ్లో చూసిన వేషానికీ బరోడాకూ మధ్య ఎవరో ఒకరు తలుపు తెరవాలి. ఆ తలుపు తెరవాల్సింది బడే. చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మది నిజామాబాదు జిల్లా, 2016 దాకా కామారెడ్డీ అందులోదే. ఆడామగా రెండు వేషాలూ కట్టి మెప్పించిన ఆమె కులవృత్తిలో ఆట నేర్చుకుంది, బడి ఆమెకు ఏమీ ఇవ్వలేదు. 2005లో ఆమె పోయింది. ఆమెకు తెలిసినదాంట్లో ఎంత మన పిల్లలకు అందింది?

2020 జాతీయ విద్యా విధానం పాఠ్య, సహపాఠ్య తేడాలు చెరిపేస్తామంది. స్థానిక కళల్లో ఆరితేరినవాళ్లను బడుల్లో బోధకులుగా పెట్టుకోవచ్చంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా వడ్రంగి దగ్గరికి, కుమ్మరి దగ్గరికి, కళాకారుల దగ్గరికి పోవాలంది. మంచి మాటలే, నాకు అభ్యంతరం లేదు. ఢిల్లీలో రాసిన ఆ వాక్యం రాజంపేటలో జీతమై ఎప్పుడు దిగుతుందన్నదే నా ప్రశ్న. మా వైపు ఊళ్లలో నెలల తరబడి రాత్రిపూట చిరుతల రామాయణం నేర్పే పంతుళ్లున్నారు. పగలంతా పొలం దున్ని వచ్చిన మనిషి చేత పద్యం, దరువు, అడుగు పలికించగలరు వాళ్లు. అంతకంటే పెద్ద బీఈడీ ఏముంది? వారానికి రెండు పీరియడ్లు, మనిషికి మర్యాదైన వేతనం, మండలానికి ఒక సంగీతం టీచరు, ఒక డ్రాయింగ్ టీచరు. సర్కారు బడ్జెట్టులో ఇది చిల్లర పైసల లెక్క.

అమ్మలకు ఒక మాట. 2024లో సర్కారు ప్రతి బడికీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ పెట్టింది, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని దానికి పెద్దగా కూర్చోబెట్టింది. నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు వైర్లు, చిన్న రిపేర్లు మీ చేతుల మీదుగా చేయించారు. బతుకమ్మ పేర్చేది మీరు, పాట ఎత్తేది మీరు. అయినా పాట గురించి ఆ కమిటీలో మిమ్మల్ని ఎవరన్నా అడిగారా? అడగరు. ఈసారి మీరే అడగండి. తీర్మానాల పుస్తకం ముందుకు లాక్కుని ఈ ముక్క రాయించి, అందరూ సంతకాలు పెట్టి, ఒక కాపీ ఎంఈవోకు, ఒక కాపీ కలెక్టరుకు పంపండి: "మా బడికి బొమ్మలు నేర్పే టీచరును, పాట నేర్పే టీచరును ఇచ్చేదాకా మా పిల్లలకు కళల్లో ఏ గ్రేడూ వేయొద్దు. ఆ గడిలో టీచరు పోస్టు ఖాళీ అని రాయండి."