గేర్‌బాక్స్ దింపే ముందు మోత లెక్క చూడండి

పదేళ్లు దాటిన ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ అడుగున మోత వస్తోందని షెడ్డుకు తీసుకెళ్తే తరచుగా వినిపించే మాట ఒకటే: "గేర్‌బాక్స్ దింపి చూద్దాం." దింపితే రెండు మూడు రోజుల కిరాయి పోతుంది. విప్పినవాళ్లు ఏదో ఒకటి మార్చకుండా బిగించరు. ఇంత చేశాక కూడా మోత అలాగే ఉండవచ్చు. ఘాట్ రోడ్డు మీద సరుకు దించి బతికే యజమానికి ఇది చిన్న నష్టం కాదు. విప్పడానికి ముందు కొలవాలన్నది నా వాదన. అందుకు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు.

తిరిగే ప్రతి భాగానికీ ఒక లయ ఉంటుంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 7.6 చుట్లు తిరుగుతుంది. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 31 చుట్లు తిరుగుతుంది. టైరు బ్యాలెన్స్ తప్పితే పుట్టే వణుకు 7.6 హెర్ట్జ్. మన చెవి 20 హెర్ట్జ్ కంటే తక్కువను పట్టదు కాబట్టి అది స్టీరింగుకు, సీటుకు తెలుస్తుంది. షాఫ్ట్ క్రాస్ పాడైతే సాధారణంగా చుట్టుకు రెండు కుదుపులు, అంటే 62 హెర్ట్జ్. క్రౌన్, పినియన్ పళ్ల ఏడుపు దాదాపు 310. ఇంత దూరదూరంగా ఉన్న శబ్దాలను ఒకదానికొకటి అనుకోవడం కష్టం. శబ్ద పౌనఃపున్యం చూపే ఫోన్ యాప్ ఉంటే 310 ఇట్టే కనిపిస్తుంది. ఫోన్ పట్టుకునేది పక్క సీట్లోని మనిషి, డ్రైవర్ కాదు.

యాప్ లేకున్నా పరవాలేదు. అదే 60 వేగంలో ఒకసారి నాలుగో గేరులో, ఒకసారి ఐదో గేరులో నడపండి. ఇంజిన్ వేగం మారింది, చక్రం వేగం మారలేదు. మోత కూడా మారకపోతే అనుమానం గేర్‌బాక్స్ అవతలి వైపుకు జరిపేయవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఏడిస్తే ముందు క్రౌన్ పినియన్‌ను చూడాలి. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు గుర్రుమనడం పెరిగితే కుడి వైపు బేరింగ్‌ను పరీక్షించాలి. అడ్డదిడ్డంగా అరిగిన టైరు కూడా అచ్చం బేరింగ్‌లాగే మోగుతుంది. ముందూ వెనకా టైర్లు మార్చి చూడటానికి అరగంట పడుతుంది, అంతే.

ఇక ఫోర్‌వీల్ డ్రైవ్ సంగతి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌లో గానీ, మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్‌వీల్ డ్రైవ్ రకంలో గానీ ఉన్నది పార్ట్‌టైమ్ వ్యవస్థ. ఫోర్-హెచ్‌లో వేస్తే ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగానికి కట్టుబడతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. బురదలో టైరు జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారలేదు, షాఫ్టులు మెలిపడతాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి ఎగిరెగిరి పడుతుంది, లివర్ బిగుసుకుంటుంది. ఇది జబ్బు కాదు. తిన్నగా కొంచెం రివర్స్ చేస్తే తరచుగా వదులుతుంది. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేసినా ఇదే గొడవ: వ్యాసంలో 2 శాతం తేడా అంటే కిలోమీటరుకు 20 మీటర్లు.

అసలు పడటమే లేదంటే డ్యాష్‌బోర్డు దీపాన్ని నమ్మకండి. చదునైన నేల మీద ఇంజిన్ ఆపి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, ఫోర్-హెచ్‌లో ఉంచి ముందు షాఫ్టును చేత్తో తిప్పండి. తేలిగ్గా గిర్రున తిరిగితే లోపం ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు. అది బిగుసుకుని ఉండి, స్టాండు మీద లేపిన ఒక ముందు చక్రం మాత్రం చేతికి తిరుగుతుంటే హబ్ లాకునో, ఇరుసును కలిపే యంత్రాంగాన్నో చూడాలి. పాత బండ్లలో కొన్నిసార్లు దోషి పగిలిన వాక్యూమ్ గొట్టమే. ఈ స్థితిలో మాత్రం ఇంజిన్ నడిపి గేరు వేయకూడదు, బండి స్టాండు మీంచి దూకుతుంది.

చెవి తర్ఫీదైన మెకానిక్కులు ఇదంతా లెక్క రాయకుండానే చేస్తారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ వాళ్లకు కూడా డ్రైవర్ చెప్పే వివరం కావాలి. జాబ్ కార్డు మీద "కింద సౌండు" అని రాసి వదిలేయడం మానాలి. ఏ వేగంలో, ఏ గేరులో, తొక్కినప్పుడా వదిలినప్పుడా, ఎటు తిప్పినప్పుడు అనే నాలుగు గడులు అచ్చు వేయించడానికి ఏ షెడ్డుకైనా పెద్ద ఖర్చేమీ కాదు.